ఇండియా ఫుట్‌బాల్ టీంకి కోచ్‌గా మనోళ్లు బెటరా, ఫారిన్ వాళ్లా?

అన్నలూ ఒక డౌట్. హాంకాంగ్ చేతిలో 1-0తో ఓడాక మన కోచ్, స్పెయిన్ వాడు మనోలో మార్కెజ్ 2025లో వెళ్లిపోయాడు కదా, అప్పుడు మనోడు ఖాలిద్ జమీల్, ఫారిన్ వాళ్లు స్టీఫెన్ కాన్‌స్టంటైన్, స్టెఫాన్ టార్కోవిచ్ ఈ ముగ్గురి పేర్లు మిగిలాయి, చివరికి ఆగస్టులో జమీల్‌నే తీసుకున్నారు, అయినా మా రూంలో ఇదే గొడవ. నేను జమీల్ వైపు, 2016-17లో మిజోరంలోని ఐజాల్ లాంటి చిన్న టీంతో ఐ-లీగ్ (మన క్లబ్బుల లీగ్) కొట్టించాడు మరి. మావాడేమో జమీల్‌కి వెనక కూర్చుని డిఫెన్స్ ఆడించడం తప్ప ఏం రాదు, కాన్‌స్టంటైన్ అయితే ఇంతకుముందు ఇండియా కోచ్‌గా ఉన్నప్పుడు 2019 ఏషియా కప్‌లో థాయ్‌లాండ్‌ని 4-1తో ఓడించాడు అంటాడు. నిజమే, కానీ ఆ కప్‌లో గ్రూప్ కూడా దాటలేదు, ఆ ముక్క మాత్రం చెప్పడు.

నాకు అసలు అర్థం కానిదేంటంటే 2021-22లో మన హైదరాబాద్‌కి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్ తెచ్చిన మనోలోనే ఇండియాకి 8 మ్యాచుల్లో ఒక్కటే గెలిపించాడు, అంటే క్లబ్ రికార్డు చూసి తీసుకోవడమే తప్పా, లేక మ్యాచ్ ముందు పెట్టే ఆ కాస్త క్యాంపుతో ఎవరొచ్చినా ఇంతేనా? 1962లో ఏషియన్ గేమ్స్ గోల్డ్ కొట్టించింది మన హైదరాబాద్ కోచ్ రహీం సాబే కదరా అంటే ఆ కాలం వేరని తీసిపారేస్తున్నారు. జమీల్ కోచ్‌గా ఉన్నప్పటి జంషెడ్‌పూర్ మ్యాచులు రెగ్యులర్‌గా చూసినోళ్లు ఎవరైనా ఉంటే జమీల్ ఆట నిజంగా అంత డిఫెన్సివేనా చెప్పండి ప్లీజ్.