మూడో అంతస్తు హస్కీ: ముందు తలుపు తట్టాలా, ముందు ఫిర్యాదు ఇవ్వాలా?

మధు_మారతహళ్లి:
మా కింది ఫ్లాట్‌లో ఒక హస్కీ ఉంది. మంచుదేశపు కుక్క, ఒంటినిండా రెండు పొరల బొచ్చు. మొగుడూపెళ్లాలిద్దరూ పొద్దున తొమ్మిదికి పోతే చీకటి పడ్డాకే రావడం. అంతసేపూ అది బాల్కనీ గ్రిల్‌కి మూరెడు గొలుసుతో. గిన్నె కాలు తగిలి బోర్లా పడిందంటే ఆ రోజుకి నీళ్లు అంతే సంగతులు. మధ్యాహ్నం టైల్స్ కాలుతుంటే ఒక్కో కాలూ ఎత్తి దించుతూ నిలబడుతుంది. పైనుంచి వీడియో తీసి పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. "మొరిగి గోల చేస్తోందా?" అని అడిగారు. లేదు, మొరగడం మానేసింది, అదే నా బాధ అన్నాను. నవ్వి పంపేశారు. అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడితే సగంమంది "ముందు వాళ్లతో మాట్లాడాల్సింది" అని నా మీదే పడ్డారు. మీరేమంటారు?

చిత్తూరు_చిన్నక్క:
ఆ సగంమందిలో నన్నూ కలుపుకో తమ్ముడూ. కె.ఆర్.పురంలో మా వీధిలో ఒకాయన రెండు ఆవులు పెట్టుకుని పాలు పోస్తాడు. పితికాక వీధిలోకి తోలేస్తాడు, అవి కుప్పతొట్టి దగ్గర కవర్లతో సహా నమిలేస్తాయి. తప్పే, కాదనను. కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ వాళ్లు ఫోన్ చేస్తే వీధి ఆవుల్ని పట్టే బండి వచ్చి ఒకదాన్ని ఎక్కించుకుపోయింది. ఆయన డబ్బు కట్టి విడిపించుకునేసరికి నాలుగు రోజుల పాడి పోయింది. అదే అపార్ట్‌మెంట్లో బాల్కనీకి కట్టేసిన కుక్కలు లేవా? వాటి మీద ఎవరు ఫోన్ చేశారు? ఏ పేటనుంచి ఎన్ని ఫిర్యాదులని లెక్కేస్తే తేలేది, ఫోన్ చేసే తీరికా ధైర్యమూ ఎవరికున్నాయన్నదే. మూగజీవి ఎక్కడ కష్టపడుతోందన్నది ఆ లెక్కలో తేలదు.

కోర్టు_పక్షి:
మాట బాగుందక్కా, గానీ మధు అడిగినదానికి జవాబు కాదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ చూడండి. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టెయ్యడం, యజమాని తిండీ నీళ్లూ నీడా చూడకపోవడం, రెండూ నేరాలే. చిక్కంతా శిక్షలో ఉంది. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మూడేళ్లలో మళ్లీ చేస్తే 25 నుంచి 100, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. పైగా ఇలాంటి నిర్లక్ష్యం కేసుల్లో పోలీసులు వారెంట్ లేకుండా అరెస్టు చెయ్యలేరు. స్టేషన్లో ఆ నవ్వు అందుకే. అదే కావాలని చంపినా, అవిటిదాన్ని చేసినా పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా పడొచ్చు.

ఇంకోటి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. 36వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిన మూడు నెలల్లోపే కేసు పెట్టాలి. మాట్లాడదాం, చూద్దాం అంటూ కూర్చుంటే గడువు కరిగిపోతుంది. వీడియోలో తేదీ ఉందా మధూ?

బీటీఎం_బ్యాచిలర్:
యాభై రూపాయలా! ఆ కుక్క ఒక్కపూట తిండి అంతకన్నా ఎక్కువ.

చిత్తూరు_చిన్నక్క:
మరి ఆ యాభై కోసం ఇరుగుపొరుగుతో పగ దేనికనే నేనూ అంటున్నా.

కోర్టు_పక్షి:
యాభై కోసం కాదక్కా. నేరం రుజువై, ఆ యజమాని దగ్గరే ఉంటే మళ్లీ హింస తప్పదని తేలితే కుక్కని తీసేసుకునే అధికారం 29వ సెక్షన్ కోర్టుకిచ్చింది. నా కన్ను దాని మీద.

మధు_మారతహళ్లి:
అక్క మాట విని నిన్న శనివారం కదా, ఇంట్లో ఉంటారని తలుపు తట్టాను. వాళ్లు లేరు. తీసింది పనిచేసే ఆవిడ, మదనపల్లి మనిషి. బాల్కనీ తలుపుకి తాళం, తాళంచెవి వాళ్లే పట్టుకుపోతారట. ఈవిడ వంటగది కిటికీలోంచి చెయ్యి చాపి మగ్గుతో నీళ్లు పోస్తుంది. సగం గిన్నెలో, సగం టైల్స్ మీద. "ఆ తడి మీదే వచ్చి పడుకుంటాది సార్. పదకొండుకి నేను పోయినాక చూసేవాళ్లు లేరు" అంది. తలుపు వేస్తూ, "నేను చెప్పినానని అనొద్దు, పని పోతాది" అంది.

పక్షిగారూ, వీడియోలో తేదీ ఉంది. ఈ రాత్రి ఇంకోసారి తడతాను. తియ్యకపోతే రేపు రాసి ఇస్తాను, పైనుంచి నా కళ్లతో చూసింది మాత్రమే.

చిత్తూరు_చిన్నక్క:
అది సరే, ముందు ఆ మదనపల్లి ముక్క ఇక్కడనుంచి తీసెయ్ తమ్ముడూ. మీ అపార్ట్‌మెంట్ వాళ్లూ ఇక్కడ చదువుతారు.