సీమ పుస్తకాలు మాత్రమే అమ్మే వెబ్‌సైటు: స్టాకు పెట్టుకోవాలా, ఆర్డరొచ్చాక తెప్పించాలా?

బైరాగిపట్టెడ బుక్కులోడు (తిరుపతి):

అందరికీ నమస్కారం. ఏడాదిన్నరగా మా మిద్దె మీద గదిలోంచి తెలుగు పుస్తకాల వెబ్‌సైటు నడుపుతున్నాను. అన్ని పుస్తకాలూ కాదు, రాయలసీమ రచయితలవే. కథలు, నవలలు, కవిత్వం, విమర్శ, కొంచెం స్థానిక చరిత్ర. మిద్దె మీదే ఎందుకంటే 2021 నవంబరు వానలకు కింది ఇంట్లోకి నీళ్లొచ్చి నా సొంత పుస్తకాలు రెండు బీరువాలు పోయాయి. ఇప్పటికీ నవంబరులో మబ్బు పడితే నాకు టెన్షనే.

"తిరప్తిలో ఉండి దేవుడి పుస్తకాలు అమ్మకుండా ఇదేం యాపారం రా" అని మా మామ వచ్చినప్పుడల్లా అంటాడు. దేవస్థానం పుస్తకాలు కొండ పైనా కిందా అంత చవగ్గా దొరుకుతుంటే నా దగ్గర ఎవరు కొంటారు? ఆ సంగతి ఆయనకూ తెలుసు, అయినా అంటాడు.

సైటులో 380 పుస్తకాలున్నాయి. నెలకు 60, 70 ఆర్డర్లు వస్తాయి. బెంగళూరు, హైదరాబాదు, చెన్నై నుంచే ఎక్కువ. ఊళ్లో వాళ్లు ఫోన్ చేసి "వచ్చి చూసుకోవచ్చా" అంటారు, వచ్చి కాఫీ తాగి ఒక్కటి కొంటారు. అదీ బాగానే ఉంటుంది.

లెక్క చెబుతాను, ఎక్కడ తప్పు చేస్తున్నానో చూడండి. 150 రూపాయల పుస్తకం. ప్రచురణకర్త ఇచ్చే కమిషన్ 30 శాతం, అంటే నాకు 45. అట్ట, కవరు, టేపు కలిపి 12. ఆన్‌లైన్ పేమెంటు వాళ్లకు ఓ మూడు నాలుగు. చేతికొచ్చేది 30 లోపు. ఆర్డరొచ్చాక ఒక్క కాపీ విజయవాడ నుంచి తెప్పిస్తే కొరియరుకే 60 పోతుంది. పోనీ పదేసి తెప్పించి పెట్టుకుందామంటే, ఒక కవితా సంపుటి పది కాపీలు కదలడానికి రెండేళ్లు. అప్పటిదాకా నా డబ్బు గోడకు చేరగిలబడి కూర్చుంటుంది.

ఇంకో తలనొప్పి. మనవాళ్లలో చాలామంది సొంతంగా అచ్చు వేసుకున్నవాళ్లే కదా. మొదటి పేజీల్లో "ప్రతులకు" అని రచయిత ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు ఉంటాయి. ఆ నంబర్లలో సగం పనిచేయవు. కొన్ని ఆరంకెల ల్యాండ్‌లైన్లు. నలుగురు అడిగిన పుస్తకాన్ని నలుగురికీ "లేదు" అని చెప్పడం నాకు నచ్చట్లేదు. మీరైతే ఏం చేస్తారు?

చిత్తూరు పోస్టు తాత:

బాబూ, నేను తపాలా శాఖలో కౌంటరు మీదే రిటైరయ్యాను. ముందు నీ పోస్టేజీ సంగతి చెప్పు, దేంట్లో పంపుతున్నావు? రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో ఎత్తేశారు. మామూలు రిజిస్ట్రీని 2025 సెప్టెంబరులో స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఇప్పుడు నీకు పనికొచ్చేది జ్ఞాన్ పోస్ట్, పుస్తకాలు చవగ్గా పంపడానికి తపాలా శాఖ పెట్టిన స్కీము. 2025 మే 1న వచ్చింది. 300 గ్రాములకు 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్ను వేరు. ట్రాకింగ్ ఉంటుంది. రోడ్డు, రైలు మీద పోతుంది కాబట్టి ఆలస్యం అవుతుంది, ఆ మాట కొనేవాళ్లకు ముందే చెప్పు.

షరతులున్నాయి. పుస్తకం మీద ముద్రించినవారిదో ప్రచురించినవారిదో పేరు ఉండాలి. వ్యాపార ప్రకటనలున్న సరుకు తీసుకోరు. నువ్వు కవర్లో మీ సైటు కరపత్రం పెడుతున్నావేమో, అది మానెయ్. ఆ కాగితం పట్టుకుని కాదంటే నువ్వు వాదించలేవు. కౌంటర్లో ఉన్న పిల్లవాడికి కొత్త స్కీము తెలియకపోతే కోప్పడకు. ఉత్తర్వు ప్రింటు తీసి జేబులో పెట్టుకో, చూపించు.

బైరాగిపట్టెడ బుక్కులోడు:

తాతగారూ, మీకు ఎలా తెలిసింది! కరపత్రం పెడుతున్నాను, వెయ్యి కొట్టించాను కూడా. జ్ఞాన్ పోస్ట్ అడిగితే ఒకచోట "అది స్కూలు పుస్తకాలకే" అని తిప్పి పంపారు, నేనూ నమ్మి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

చిత్తూరు పోస్టు తాత:

సిలబస్ పుస్తకాలతోపాటు సాంఘిక, సాంస్కృతిక, మత సాహిత్యం కూడా అందులో ఉంది. మళ్లీ వెళ్లు.

పుత్తూరు డీటీపీ అక్క:

తమ్ముడూ, నీ సైటు చూశాను. స్టాకు సంగతి నాకు తెలీదు కానీ, ఉన్న పుస్తకాలే నీ సైట్లో దొరకట్లేదు! "కథలు" అని కొడితే 90 వచ్చాయి, "కధలు" అని కొడితే సున్నా. మన జనంలో సగం మంది పొట్టలో చుక్క లేని "ధ" తోనే రాస్తారు, అచ్చులో కూడా చాలా పుస్తకాల అట్టల మీద అట్లాగే ఉంది. ఎవరు కరెక్టు అని పంతం వద్దు. రెండూ పెట్టు.

రెండోది. ఓ పన్నెండు పుస్తకాల పేర్లు నీ సైట్లో ఏవో పిచ్చి గుర్తుల్లా కనిపిస్తున్నాయి. ప్రచురణకర్త పంపిన జాబితాను అట్లాగే అతికించావు కదూ? అది అను ఫాంటు. ఇరవై ముప్ఫై ఏళ్లుగా అచ్చు పేజీలు కంపోజ్ చేసే మా డీటీపీ వాళ్లందరం పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో దాంతోనే కొట్టాం. దాని వెనకాల ఉండేది ఇంగ్లీషు గుర్తులే, తెలుగు బొమ్మ మాత్రమే పైకి కనిపిస్తుంది. ఫాంటు లేని కంప్యూటర్లో పెడితే అంతే సంగతులు. ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనపడే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి, కానీ వత్తుల దగ్గర తప్పులు పోతాయి. పన్నెండు పేర్లే కాబట్టి చేత్తో కొట్టుకో.

రచయిత పేరు కూడా అంతే. కథలు రాసే నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారిదే చూడు, నామిని అనేది ఇంటిపేరు, కానీ జనం వెతికేది దాంతోనే. మధురాంతకం రాజారాం గారిని కొందరు "రాజారాం" అని వెతుకుతారు, కొందరు "మదురాంతకం" అని. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లయితే ఒక్కొక్కరిదీ ఒక్కో స్పెల్లింగు. ప్రతి పుస్తకానికీ ఒక గడి చేసి ఈ రూపాలన్నీ పడెయ్. పైకి కనపడనక్కర్లేదు, వెతికితే తగిలితే చాలు.

హోసూరు తెలుగోడు:

నేను మీ దగ్గర నాలుగుసార్లు కొన్నాను. ప్యాకింగ్‌కు వంక పెట్టను. ఒకటే కోరిక, అట్ట బొమ్మతోపాటు విషయసూచిక ఫోటో కూడా పెట్టండి. కథల సంపుటాల్లో అవే కథలు మళ్లీ మళ్లీ వస్తాయి. "ఎంపిక చేసిన కథలు" అని ఒకటి కొంటే అందులో 14 కథలు నా దగ్గర అప్పటికే ఉన్నాయి. తప్పు మీది కాదు, కానీ సూచిక కనిపిస్తే ఇంకొకటి కొనేవాణ్ణి.

మాకు ఇక్కడ తెలుగు పుస్తకాల షాపంటూ లేదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. వారం లేటయితే అయింది, "లేదు" అనే మాట కంటే నయం.

మదనపల్లె పాత బుక్కుల మామ:

30 ఏళ్లు షాపు నడిపి మూసేసినోణ్ణి. పోస్టు తాత, అక్క చెప్పినవి చెయ్. స్టాకు సంగతి నేను చెప్తా.

అన్నిటికీ ఒకే పద్ధతి పెట్టుకున్నావు చూడు, అక్కడే దెబ్బ తింటున్నావు. పెద్ద ప్రచురణ సంస్థలవి ఒక్కో కాపీ తెప్పించవద్దు, ఆర్డర్లు పోగేసి పదిహేను రోజులకొకసారి ఒకే కట్టగా తెప్పించు. ఆర్టీసీ కార్గోలో బస్టాండుకు వేయించుకో, నువ్వే పోయి తెచ్చుకోవచ్చు. సైట్లో "పదిహేను రోజులు" అని రాసెయ్. హోసూరాయన ఆగుతా అంటున్నాడు కదా.

ఎక్కువ కాపీలు పెట్టాల్సింది పేరున్నోళ్లవి. సాహిత్య అకాడమీ అవార్డులు మామూలుగా డిసెంబరులో చెప్తారు. దామలచెరువు మధురాంతకం వాళ్లింటికి ఆ అవార్డు రెండుసార్లు వచ్చింది, రాజారాం గారికి 1993లో, కొడుకు నరేంద్ర గారికి 2022లో. అట్లాంటి వార్త వచ్చిన వారంలో ఎవరి దగ్గర కాపీలుంటే వాళ్ల దగ్గరే జనం కొంటారు. నెల పోతే ఎవురూ అడగరు.

ఇంక ఫోన్లు పలకని రచయితలు. బండి ఉందా నీకు? పెట్రోలు పోసుకుని పో. "ప్రతులకు" అని అడ్రసు ఉంది కదా, నంబరు మారుతుంది గానీ ఇల్లు ఎక్కడికి పోతుంది? నీ గోడౌను ఆ ఇళ్లల్లో అటకల మీద ఉంది. అద్దె కూడా లేదు. అమ్మినాక డబ్బులిస్తానని చెప్పు, కానీ రాసివ్వు, ఎన్ని తెచ్చావో సంతకం పెట్టి.

జీఎస్టీ గురించి భయపడినట్టు లేదు, మంచిది. అచ్చు పుస్తకాలకు పన్ను లేదు, అవి తప్ప ఏమీ అమ్మనోడికి రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. ఆశకు పోయి గుడ్డ సంచులు, డైరీలు పెట్టి బెంగళూరుకు పంపేవు, అప్పుడు మొదలవుతుంది.

బైరాగిపట్టెడ బుక్కులోడు (25 రోజుల తర్వాత):

అప్‌డేట్. జ్ఞాన్ పోస్ట్ అయింది. ఉత్తర్వు చూపించాను, ఆ అమ్మాయి లోపలికెళ్లి అడిగి వచ్చి తీసుకుంది. ఇప్పుడు నన్ను చూడగానే "పుస్తకాలేనా సార్" అంటుంది. కరపత్రాల వెనక తెల్లగా ఉంది కాబట్టి మా పాప లెక్కలు చేసుకుంటోంది. "కధలు" పెట్టాను, అక్కా. ఆ వారమే ముగ్గురు ఆ దారిన వచ్చి కొన్నారు, నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆదివారం పాకాల దగ్గర ఒక రచయిత ఊరికి పోయాను. నలుగురు అడిగారన్న పుస్తకం ఆయనదే. ఇల్లు దొరికింది. ఆయన భార్య వాకిట్లో చింతపండు ఒలుస్తోంది. "ఆయన పోయి మూడేండ్లాయ నాయనా. ఫోను పిల్లోళ్లు తీసేసినారు" అంది. ఫలానా పుస్తకం కోసం వచ్చానంటే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "దాన్ని ఇంకా అడిగేవోళ్లు ఉండారా?" అంది. నిచ్చెన చూపించింది.

అటక మీద గోనెపట్టాలో రెండు కట్టలు, ప్రెస్సు వాడు కట్టిన పురికొస కూడా విప్పలేదు. పైన పన్నెండు చెదలు తిన్నాయి. 84 బాగున్నాయి. మదనపల్లె మామ చెప్పినట్టు కాగితం రాసిచ్చాను. ఆమె చదవకుండానే మడిచి దేవుడి పటం వెనక పెట్టింది. డబ్బు మాట ఎత్తితే "ముందు అమ్ముడుపోనీ" అంది. రెండు కాపీలు మాత్రం వెనక్కి తీసుకుంది, మనవరాలికి ఒకటి, తనకొకటి. చదవడం రాదట.

ఇప్పుడు చిక్కు ఏంటంటే, వెనక అట్ట మీద ధర 40 రూపాయలు. 40కి అమ్మి, ఆమెకు 30 ఇస్తే, నాకు కవరు డబ్బులు కూడా రావు. స్టిక్కరు అంటించి 100 చేద్దామా?

మదనపల్లె పాత బుక్కుల మామ:

స్టిక్కరు వద్దు. గోరుతో గీకితే కింద 40 కనిపిస్తుంది, ఆ రోజుతో నీ మాట పోతుంది. ఆమెకు 40కి 40 ఇచ్చెయ్. దాన్ని విడిగా అమ్మొద్దు. అదే పక్క ఊళ్ల రచయితలవి ఇంకో రెండు కొత్తవి కలిపి మూడు పుస్తకాల కట్ట చెయ్, మూడిటికీ అచ్చు ధరే. కమిషన్ నీకు ఆ రెండిట్లో వస్తుంది, పోస్టేజీ ఒకటే పడుతుంది.

ఆ చెదలు తిన్న పన్నెండూ పారేశావా? లోపలి పేజీలు బాగుంటే ఒకటి నాకు పంపు, డబ్బులిస్తా.

హోసూరు తెలుగోడు:

మొదటి కట్ట నాకు. విషయసూచిక ఫోటో పెట్టనక్కర్లేదు.