ఇప్పటి ఇలస్ట్రేషన్, డిజైన్, ఫొటోగ్రఫీ ఎక్కడ చూస్తున్నారు?

ఇలస్ట్రేషన్ నేర్చుకుంటున్నాను, రోజూ కాసేపు మంచి పని చూడకపోతే నాకు చెయ్యి కదలదు. ఆర్టిస్టులు, డిజైనర్లు తమ పనులు పెట్టుకునే బిహాన్స్ సైట్ చూస్తాను, 2010 నుంచి నడుస్తున్న కొలోసల్ అనే ఆర్ట్ సైట్ చాలా ఇష్టం, ఫొటోలకైతే మాగ్నమ్ (1947లో ఫొటోగ్రాఫర్లే కలిసి పెట్టుకున్న సంస్థ). సోషల్ మీడియాలో మాత్రం ఒక్క బొమ్మకు లైక్ కొడితే చాలు, ఇక వరసగా అలాంటివే వస్తున్నాయి, గీసినవాళ్ల పేరుండదు, ఏది మనిషి గీసిందో ఏది ఏఐ చేసిందో తేల్చుకోలేక విసుగొస్తోంది. ఇంకా పెద్దగా పేరు రాని ఆర్టిస్టులను మీరెలా పట్టుకుంటారు? న్యూస్‌లెటర్లా, ఫొటో పుస్తకాలు వేసే చిన్న ప్రచురణకర్తల సైట్లా, లేక నచ్చిన ఆర్టిస్టు ఎవరిని ఫాలో అవుతున్నారో చూస్తూ పోవడమా? నచ్చినవి పేరుతో సహా ఎక్కడ దాచుకుంటారో కూడా చెప్పండి, నా స్క్రీన్‌షాట్లలో సగం ఎవరివో తెలియట్లేదు.