మెయిల్ ఫిల్టర్లు కంప్యూటర్‌లో ఉండాలా, సర్వర్‌లోనా?

భీమవరం, రొయ్యల ఎగుమతి కార్యాలయం:
కంప్యూటర్‌లో మెయిల్ చూసే థండర్‌బర్డ్ ప్రోగ్రాంలో రెండు ఫిల్టర్లు, అంటే వచ్చిన మెయిల్‌ను వాటంతటవే సర్దే నియమాలు, పెట్టాం. కొనుగోలుదారు చిరునామా నుంచి వచ్చేవన్నీ ‘ఆర్డర్లు’ ఫోల్డరుకు, సబ్జెక్టులో ‘ల్యాబ్’ అని ఉన్నవి ‘పరీక్షలు’ ఫోల్డరుకు వెళ్లాలి. కొనుగోలుదారు పంపిన ల్యాబ్ రిపోర్టు మాత్రం ఆర్డర్లలోకే పోతోంది. కరెంటు పోతే ఫోనులో అన్నీ ఇన్‌బాక్సులోనే కలగలిసి ఉంటున్నాయి. మొత్తం సర్వర్‌లోకి, అంటే మెయిల్ మొదట చేరే మెయిల్ సంస్థ కంప్యూటర్‌లోకి, మార్చేయమంటారా?

పాలకొల్లు:
మార్చేయండి, ఆలోచించకండి. థండర్‌బర్డ్ ఫిల్టరు ఆ ప్రోగ్రాం తెరిచి ఉంటేనే పనిచేస్తుంది. సర్వర్ రాత్రీ పగలూ నడుస్తుంది. ఫిల్టర్లు రాసే సీవ్ భాషకు 2008 నుంచి ఆర్‌ఎఫ్‌సీ 5228 అనే ప్రమాణం కూడా ఉంది. మీ సర్వర్ దాన్ని ఒప్పుకుంటే ఒక్కసారి రాసి మరిచిపోవచ్చు.

అమలాపురం:
మరిచిపోవచ్చు అన్న మాటే నాకు భయం. సర్వర్ ఒక మెయిల్‌ను ఇన్‌బాక్సు నుంచి తీసేస్తే చాలా ఫోన్లు చప్పుడు చేయవు. అవి ఇన్‌బాక్సునే గమనిస్తుంటాయి. సరుకు కంటైనరులోకి ఎక్కుతుండగా కొనుగోలుదారు ‘ఆపండి’ అని రాస్తే, ఆ మాట ఆర్డర్ల ఫోల్డరులో చదవకుండా పడి ఉంటుంది. మీ ఖాతా పాప్ (మెయిల్‌ను సర్వర్ నుంచి కంప్యూటర్‌లోకి దించుకునే) పద్ధతిలో ఉంటే మరీ కష్టం. పాప్ ఇన్‌బాక్సును మాత్రమే దించుతుంది, మిగతా ఫోల్డర్లు మీ కంప్యూటర్‌కు రానే రావు.

పైగా భీమవరం వారి మొదటి ఇబ్బంది సర్వర్‌కు మారినంత మాత్రాన తీరదు. అది వరుసకు సంబంధించినది. థండర్‌బర్డ్ ఫిల్టర్లను పైనుంచి కిందికి చూస్తుంది. పైది మెయిల్‌ను తరలించేశాక కిందిదానికి వంతు రాదు. ల్యాబ్ ఫిల్టరును పైకి జరపండి. ఫిల్టర్ లాగ్ (ఫిల్టర్లు చేసిన పనుల చిట్టా) ఆన్ చేసి, పాత మెయిళ్లున్న ఫోల్డరు మీద ‘ఇప్పుడే నడుపు’ నొక్కితే ఏ మెయిల్‌ను ఏ ఫిల్టరు పట్టిందో వరుసగా కనిపిస్తుంది.

పాలకొల్లు:
వరుస సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ వేసవిలో కరెంటు గంటలకొద్దీ పోయే ఊళ్లలో కంప్యూటర్‌ను నమ్ముకోమనడం న్యాయమా అండీ?

అమలాపురం:
న్యాయం కాదు. అందుకే పంచుకోమంటున్నాను. ప్రకటనలు, వార్తాలేఖలు, రేపు చూసినా నష్టం లేనివి సర్వర్ తీసేయనివ్వండి. డబ్బుతో, సరుకుతో ముడిపడిన మెయిల్ ఇన్‌బాక్సులోనే దిగాలి. దాన్ని థండర్‌బర్డ్ తరలించకుండా ట్యాగ్ (గుర్తు) మాత్రం వేయాలి. చదివాక మనిషే ఫోల్డరులో పెట్టాలి. ఒకే మెయిల్‌కు రెండుచోట్లా ఫిల్టరు ఉంచకండి, ఎవరు ఎక్కడికి పంపారో తేలదు.