నాలుగేళ్ల బాబుకు కీమో, ఆస్పత్రి వంద కిలోమీటర్లు: రాత్రి జ్వరమొస్తే ఏం చెయ్యాలి?

ప్రశ్న (బాబు వాళ్ల నాన్న)

అందరికీ నమస్తే. బాబుకు నాలుగేళ్లు, 15 కిలోలు. బ్లడ్ క్యాన్సర్, ఏ.ఎల్.ఎల్. అన్నారు. మొదటి నెల కీమో అయ్యాక ఇంటికి పంపారు. ఇప్పుడు వారం వారం హైదరాబాద్ వెళ్లాలి, ఇంటి దగ్గర వెయ్యడానికి మాత్రలు కూడా ఇచ్చారు. జ్వరమొస్తే వెంటనే రమ్మన్నారు. మాది నల్గొండ అవతల పల్లె, రాత్రి పది దాటితే బస్సు ఉండదు. ఎంత వస్తే జ్వరం అనుకోవాలి? పారాసిటమాల్ వేసి పొద్దున్నే బయల్దేరొచ్చా? పెరుగు పెట్టొద్దని ఒకరు, పెట్టమని ఒకరు. ఏడేళ్ల పాప బడికి వెళ్తుంది, దాన్ని అమ్మమ్మ ఇంటికి పంపాలా? మా ఆవిడకు మూడో నెల.

జవాబు 1

తమ్ముడూ, పొద్దున్నే అనే ఆలోచన ముందు మానెయ్యండి. క్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ పడిపోయిన పిల్లల్లో చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. చీము పట్టదు, దగ్గు ఉండదు, అయినా రక్తంలో ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. ఆస్పత్రికి చేరిన గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కాలి.

డిజిటల్ థర్మామీటర్ చంకలో పెట్టి, చెయ్యి ఒంటికి ఆనించి, బీప్ వచ్చేదాకా పట్టుకోండి. మలద్వారంలో ఎప్పుడూ పెట్టకండి, అక్కడ చిన్న గీత పడినా క్రిములు రక్తంలోకి పోతాయి. 101 ఒక్కసారి వచ్చినా, 100.4 గంటసేపు నిలిచినా జ్వరమే. చంకలో కొలత నోట్లోకన్నా అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ తక్కువ చూపిస్తుంది కాబట్టి 100 దాటగానే వార్డుకు ఫోన్ చెయ్యండి. కొలవకముందు పారాసిటమాల్ వద్దు. దాంతో జ్వరం దిగుతుంది గానీ ఇన్ఫెక్షన్ దిగదు. బ్రూఫెన్, ఆస్పిరిన్ అసలే వద్దు, రక్తం కారడం ఎక్కువవుతుంది.

ఇంకోటి, చాలామందికి తెలియనిది. స్టెరాయిడ్ మాత్రలు పడుతున్న రోజుల్లో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. బాబు మగతగా ఉన్నా, చేతులు కాళ్లు చల్లబడినా, కడుపునొప్పి తగ్గకపోయినా జ్వరం వచ్చినట్టే లెక్క. చేతికి లైన్ (మందులు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం) ఉంటే, దాన్ని ఫ్లష్ చేసిన, అంటే మందునీళ్లతో కడిగిన గంటలో చలితో వణికినా అంతే.

రిపోర్ట్ చూడటం నేర్చుకోండి. మొత్తం తెల్లకణాలను న్యూట్రోఫిల్ శాతంతో గుణించి వందతో భాగించాలి. తెల్లకణాలు 1,800, న్యూట్రోఫిల్స్ 20 శాతం అయితే 360. 500 కన్నా తక్కువంటే ప్రమాదం. చాలా కీమో మందులకు వారం నుంచి రెండు వారాల మధ్య కౌంట్ బాగా అడుగుకు పోతుంది.

దూరం సంగతి ఈసారి వెళ్లినప్పుడే తేల్చుకోండి. దగ్గరి పెద్ద ఆస్పత్రిలో రక్తం కల్చర్‌కు (ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్షకు) తీసి, యాంటీబయాటిక్ మొదటి డోసు ఎక్కించి పంపమని డాక్టర్ చేత లెటర్ రాయించుకోండి. మందు పేరు, 15 కిలోలకు డోసు అందులో ఉండాలి. ఫైల్ మొదటి పేజీలో జబ్బు పేరు, చివరి కీమో తేదీ, చివరి కౌంట్, బ్లడ్ గ్రూప్, పడని మందులు, వార్డు ఫోన్ నంబర్. ఆ ఫైల్, ఆరోగ్యశ్రీ కార్డు, రెండు జతల బట్టలు ఒక సంచిలో సర్ది తలుపు దగ్గర పెట్టండి. రాత్రయితే 108, లేదంటే ముందే మాట్లాడిపెట్టుకున్న ఆటో.

బాబు వాళ్ల నాన్న

చాలా థాంక్స్ అన్నా. మా ఊరి ఆర్.ఎం.పి. బాగా తెలిసినవాడు. ఆ మొదటి సూది ఆయనతో వేయిస్తే?

జవాబు 1

వద్దు. ప్లేట్‌లెట్లు (రక్తం ఆపే కణాలు) తక్కువున్నప్పుడు పిరుదుకు సూది వేస్తే లోపల రక్తం కారి గడ్డకట్టి అక్కడే చీము పట్టొచ్చు. పైగా జ్వరానికి డెక్సా (స్టెరాయిడ్ సూది) కలిపితే జ్వరం కనపడకుండా పోతుంది, మీరు రేపు చూద్దామనుకుంటారు. ఆయనకు ఆ లెటర్ చూపించండి, బండి మాట్లాడటానికి సాయం అడగండి, అంతవరకే.

జవాబు 2

తిండికి భయపడొద్దు. వేడివేడిగా వండిన అన్నం, పప్పు, బాగా ఉడికిన గుడ్డు, కాచి చల్లార్చిన నీళ్లు. పచ్చి కూరగాయలు, కోసి అమ్మే పండ్లు, బయటి చట్నీలు వద్దు. అరటి, బత్తాయి లాంటి తొక్క తీసేవి కడిగి పెట్టొచ్చు. కాచిన పాలతో ఇంట్లో తోడుపెట్టిన పెరుగు ఏ రోజుది ఆ రోజు చాలాచోట్ల ఒప్పుకుంటారు, కౌంట్ బాగా పడినప్పుడు మాత్రం వార్డులో అడిగి పెట్టండి. పసరు మందులు, ఆకుమందులు వద్దు. కీమోతో ఇప్పటికే అలసిన లివర్ మీద పడతాయి.

మీ ఆవిడ కీమో మాత్రలు ముట్టుకోకూడదు. మాత్ర విరవడం, నీళ్లలో కరిగించడం మీరే గ్లవ్స్ వేసుకుని చెయ్యండి. బాబు వాంతి, మూత్రం శుభ్రం చేసేటప్పుడూ గ్లవ్స్ ఉండాలి, కీమో అయ్యాక రెండు రోజులు ఆవిడను ఆ పనికి రానివ్వకండి.

తర్వాత మెయింటెనెన్స్, అంటే జబ్బు తిరగబెట్టకుండా ఇంటి దగ్గరే మాత్రలు వేసే దశ మొదలవుతుంది, మొత్తం చికిత్స రెండు, రెండున్నరేళ్లు. అప్పుడు మెర్కాప్టోప్యూరిన్ మాత్ర రోజూ, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. ఆ రెండోది పొరపాటున రోజూ వేస్తే నోరంతా పుండ్లై, కౌంట్ కూలిపోయి ప్రాణం మీదికొస్తుంది. క్యాలెండర్‌లో ప్రతి వారం అదే రోజును ఎర్ర సిరాతో చుట్టండి, ఆ డబ్బా విడిగా పెట్టండి. మెర్కాప్టోప్యూరిన్ వందకు 95 కన్నా తక్కువ డోసులు పడిన పిల్లల్లో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని తేలింది. జుట్టు మొలిచి, బుగ్గలొచ్చి, ఆడుకుంటుంటే ఇక చాల్లే అనిపించే కాలం అదే.

విన్‌క్రిస్టిన్ అనే కీమో సూది పడిన వారం మలబద్ధకం వస్తుంది. డాక్టర్ రాసిన లాక్టులోజ్ (విరేచనం సాఫీగా అయ్యే మందు) మొదటి రోజు నుంచే వెయ్యండి, ఎనిమా పెట్టొద్దు. ఆ మందు కాళ్ల నరాల మీద కూడా పడుతుంది, అందుకే బాబును మడమల మీద నడవమనండి, కాలి ముందు భాగం పైకి లేవకుంటే చెప్పండి.

జవాబు 3

పాపను పంపకండి. తమ్ముడికి జబ్బు చేసిందని తనను ఇంట్లోంచి పంపేశారనుకుంటుంది. బడి నుంచి రాగానే చేతులు సబ్బుతో కడిగి బట్టలు మార్చుకుంటే చాలు. జలుబు చేస్తే మాత్రం వేరే మంచం. తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ పోసిందని తెలిస్తే, బాబుకు ఏమీ కనపడకపోయినా, అదే రోజు ఫోన్ చెయ్యండి. ముందుజాగ్రత్త మందుకు గడువు రోజుల్లోనే ఉంటుంది. పోలియో చుక్కలు బాబుకే కాదు, పాపకూ వెయ్యనివ్వకండి, సూది టీకా అడగండి. చుక్కల్లోది బతికున్న వైరస్, విరేచనం ద్వారా ఇంట్లోవాళ్లకు చేరుతుంది.

సూదికి తీసుకెళ్తూ "ఏం లేదు నాన్నా, ఊరికే" అనకండి. నాలుగేళ్ల పిల్లలు తాము అల్లరి చేసినందుకే ఈ సూదులు అనుకుంటారు. "నీ తప్పేం లేదు, రక్తంలో చెడ్డ కణాలున్నాయి, వాటికి మందు" అని ప్రతిసారీ అవే మాటలు చెప్పండి. మొద్దుబార్చే క్రీమ్ సూది గుచ్చే చోట గంట ముందు రాసి ప్లాస్టిక్ చుడితే నొప్పి బాగా తగ్గుతుంది.

కౌంట్ పడే వారాల్లో హైదరాబాద్‌లోనే ఉండగలిగితే మేలు. సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్లు అక్కడా ఉన్నాయి, చికిత్సలో ఉన్న పిల్లల కుటుంబాలకు ఉచిత వసతి. నేరుగా వెళ్లకుండా ఆస్పత్రి సోషల్ వర్కర్‌ను అడగండి. రైలు రాయితీ సర్టిఫికెట్ కూడా ఆస్పత్రిలోనే ఇస్తారు. స్లీపర్‌లో బాబుకు చార్జీ ఉండదు, తోడుగా వెళ్లే ఒకరికి ముప్పావు వంతు తగ్గుతుంది.