ఆర్మేనియాలో హీబ్రూ సమాధులు ఎవరివి?

ప్రశ్న: ఆర్మేనియా అంటే చర్చిలు, శిలువ రాళ్లే అనుకునేదాన్ని. యెగెగిస్ ఊరి దగ్గర హీబ్రూ రాతలున్న సమాధులు ఉన్నాయని చదివాక మనసు అక్కడే ఉండిపోయింది. ఎవరండీ వాళ్లు, ఇప్పటికీ ఉన్నారా?

జవాబు: అవి మధ్యయుగపు యూదుల సమాధులండీ. 1996లో అక్కడి బిషప్ కంటపడ్డాయి. తర్వాత జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ మైఖేల్ స్టోన్ బృందం తవ్వకాలు చేస్తే 60కి పైగా రాళ్లు తేలాయి, అన్నీ 13, 14 శతాబ్దాలవి, అంటే మంగోలుల ఏలుబడి నాటివి. కొన్నింటిని నది మీద కాలివంతెనకు పునాదిగా వేసేశారు, అది తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

జవాబు: ఆ సమాధి రాళ్ల మీద గిర్రున తిరిగే చక్రంలాంటి చెక్కడం చూడండి. ఆ కాలపు క్రైస్తవ సమాధుల మీదా అదే ఉంది. ఇద్దరికీ ఒకే శిల్పులు చెక్కారేమో!

జవాబు: ఇప్పటి యూదులు వేరండీ, ఎక్కువమంది రష్యన్, సోవియట్ కాలాల్లో వచ్చినవాళ్లు. 1990ల కష్టాల్లో చాలామంది వెళ్లిపోయారు. యెరెవాన్‌లో ఒక చిన్న ప్రార్థనా మందిరం మాత్రం నడుస్తోంది.