హాలిబర్టన్ పడిపోయాక బంతి ఎవరి చేతిలో ఉండాల్సింది?

బెంచి గార్డ్ అడుగుతున్నారు:

2025 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్‌లో పేసర్స్, థండర్ మధ్య ఆఖరి మ్యాచ్ గేమ్ 7 అయిపోయి రెండు రోజులైంది. నాకింకా మనసు కుదుటపడలేదు. పేసర్స్ ఓడినందుకు బాధ ఉంది కానీ, అంతకన్నా ఒక ప్రశ్న నన్ను పట్టుకుని వదలడం లేదు. ఇక్కడ ఆట బాగా తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

మొదటి క్వార్టర్‌లో ఇంకా దాదాపు 5 నిమిషాలు ఉండగా, పేసర్స్ ఆట నడిపే మొదటి గార్డ్ హాలిబర్టన్ గాయంతో కింద పడ్డాడు. అప్పటికే మూడు త్రీలు వేసి 9 పాయింట్లు చేశాడు. గేమ్ 5లోనే కుడికాలి పిక్క పట్టేసింది, ఆ కాలితోనే ఆడుతున్నాడు. అతను నేలను చేత్తో కొడుతూ ఉంటే నేను టీవీ ముందు నుంచి లేచి నిలబడిపోయాను. అయినా పేసర్స్ చెదిరిపోలేదు. హాఫ్ టైమ్‌కి 48-47తో ముందున్నారు. మూడో క్వార్టర్‌లో 56-56 దగ్గర కూడా సమానంగానే ఉంది. అక్కడి నుంచే ఆట జారిపోయింది. ఆ క్వార్టర్ థండర్‌కి 34-20, చివరికి 103-91.

నా ప్రశ్న బెంచి మీద నుంచి వచ్చే మా గార్డ్ టీజే మెకానల్ గురించి. అతను 16 పాయింట్లు చేశాడు. మూడో క్వార్టర్‌లో పేసర్స్ బండిని లాగింది కూడా ఎక్కువగా అతనే. మరి అతను అంత బాగా ఆడుతున్న క్వార్టర్‌లోనే టీమ్ 14 పాయింట్లు ఎందుకు వెనకబడింది? కోచ్ కార్లైల్ బంతిని పూర్తిగా మెకానల్‌కి అప్పగించాల్సిందా, లేక మా ఇంకో గార్డ్ నెంబ్‌హార్డ్‌కే ఇవ్వాల్సిందా?

నా అభిప్రాయం కూడా చెబుతాను. కాలేజీ టీమ్‌లో నేను మూడేళ్లు బెంచి మీద నుంచి వచ్చే పాయింట్ గార్డ్‌ని. ఐదడుగుల ఆరంగుళాలు. బెంచి మీద కూర్చున్నవాడికి ఒక లాభం ఉంటుంది. ఆరేడు నిమిషాలు బయటి నుంచి ఆటను చూస్తాడు. అవతలి గార్డ్ ఎడమచేత్తో డ్రిబుల్ చేయలేకపోతున్నాడని, వాళ్ల సెంటర్ గీత బయటి నుంచి లోపలికి వేసే ఇన్‌బౌండ్ పాస్ బద్ధకంగా వేస్తున్నాడని కనిపెడతాడు. లోపలికి వెళ్లగానే దాని మీద పడతాడు. మెకానల్ గేమ్ 3లో చేసింది అదే: బెంచి మీద నుంచి వచ్చి 10 పాయింట్లు, 5 అసిస్టులు (బుట్ట పడడానికి దారితీసిన పాసులు), 5 స్టీల్స్ (బంతి లాక్కోవడం). ఫైనల్స్ చరిత్రలో బెంచి ఆటగాడెవరూ అంతకుముందు అలా చేయలేదు.

కానీ మా మొదటి గార్డ్‌కి ఒకసారి చీలమండ మడతపడి, నేను ఒక సెమీఫైనల్లో ముప్పై నిమిషాలకు పైగా ఆడాల్సి వచ్చింది. మొదటి సగం బ్రహ్మాండంగా ఆడాను. మూడో క్వార్టర్‌కి కాళ్లు నావి కావనిపించింది. పాస్ వేస్తే అడుగు ముందే పడిపోయేది. బెంచి నుంచి చూసి నేను కనిపెట్టే విషయాలు ఆ రోజు ఒక్కటీ కనపడలేదు. మెకానల్‌ని చూస్తుంటే నాకు ఆ రోజే గుర్తొచ్చింది. సీజనంతా మ్యాచ్‌కి సుమారు 18 నిమిషాలు ఆడే మనిషి, 33 ఏళ్లు, ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. అతన్ని థండర్ లాంటి టీమ్ మీద అంతసేపు ఆడించి, అతని బలాన్ని మనమే తీసేశామా?

---

పెయింట్‌లో నేను రాశారు:

అన్నా, నేను థండర్ అభిమానిని. హాలిబర్టన్ పడినప్పుడు మా ఇంట్లోనూ ఎవరూ కేక వేయలేదు, అది ముందు చెప్పాలి.

మీరు పేసర్స్ వైపు నుంచే చూస్తున్నారు. మా వాళ్లు ఏం చేశారో కూడా చూడండి. మెకానల్ బంతి తీసుకుంటే ముందు మా డోర్ట్ ఉంటాడు. డోర్ట్ అలిసిపోతే కేసన్ వాలస్. వాలస్ పక్కకు వెళ్తే కరూసో. ముగ్గురూ మొదటి శ్రేణి డిఫెండర్లే. హాఫ్ కోర్ట్ దాటడానికి ఉండేది 8 సెకన్లు, షాట్‌కి 24. అందులో మెకానల్ బంతిని పైకి తెచ్చేసరికే నాలుగో వంతు పోతోంది. అవతల ఒక్కడే గార్డ్, ఇవతల ముగ్గురు వంతులేసుకుని కాస్తున్నారు. ఎవరైనా అలిసిపోతారు.

రోల్ గురించి మాట్లాడుకోవాలంటే కరూసో గురించే మాట్లాడుకోవాలి. గేమ్ 2లో 20, గేమ్ 4లో మళ్లీ 20, రెండూ బెంచి మీద నుంచే. మా సెంటర్ హార్టెన్‌స్టైన్ సంగతి చూడండి. ఫైనల్స్ మొదటి మూడు మ్యాచ్‌లకు మా కోచ్ డాగ్‌నాల్ట్ అతన్ని మొదటి ఐదుగురిలోంచి తీసి వాలస్‌ని పెట్టాడు, గేమ్ 4కి తిరిగి తెచ్చాడు. సీజన్‌లో 68 మ్యాచ్‌లు గెలిచిన టీమ్‌లో సెంటర్‌ని ఫైనల్స్‌లో పక్కన పెడితే అతను ముఖం ముడుచుకోలేదు. మా టీమ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

---

కార్నర్ త్రీ రాశారు:

మెకానల్, నెంబ్‌హార్డ్ ఇద్దరూ కాదు బ్రో. బంతి పేసర్స్ కుర్రాడు మాథురిన్‌కి ఇవ్వాల్సింది. 24 పాయింట్లు, 13 రీబౌండ్లు, అదీ బెంచి మీద నుంచి, గేమ్ 7లో! గేమ్ 3లో 27 కొట్టింది కూడా అతనే. ఆ రోజు కోర్టులో భయం లేకుండా ఆడిన పేసర్ అతనొక్కడే అనిపించింది. నాలుగో క్వార్టర్‌లో ఆధిక్యం ఇరవై దాటాక కూడా వదల్లేదు. 2024 ప్లేఆఫ్స్ మొత్తం భుజం గాయంతో బయట కూర్చున్న కుర్రాడు. ఆ ఆకలి కళ్లకు కనపడుతోంది. అలాంటివాడు ఉన్నప్పుడు మెకానల్ లేఅప్‌ల మీద ఆధారపడడం ఏమిటి?

---

బెంచి గార్డ్ జవాబు:

తమ్ముడూ, మాథురిన్ అంటే నాకూ ఇష్టమే. కానీ బంతి తీసుకుని తిన్నగా రింగ్ మీదికి వెళ్లేవాడు వేరు, మిగతా నలుగురికీ షాట్లు వండి పెట్టేవాడు వేరు. మాథురిన్ రింగ్ వైపు తిరిగాడంటే ఇక అటే. అతని చేతికి బంతి ఆఖరున రావాలి, మొదట కాదు. గేమ్ 4 చివర్లో ఫ్రీ త్రోలు పోయినప్పుడు ఎంత టెన్షన్ పడ్డాడో నువ్వూ చూశావు. అలాంటి కుర్రాడి మీద గేమ్ నడిపే బరువు కూడా పెట్టడం న్యాయం కాదు.

డోర్ట్, వాలస్, కరూసో గురించి చెప్పింది మాత్రం నేను ఒప్పుకుంటున్నాను. అది నేను సరిగ్గా లెక్కలోకి తీసుకోలేదు.

---

విజిల్ రాశారు:

నేను పదిహేనేళ్లుగా స్కూలు అమ్మాయిలకు బాస్కెట్‌బాల్ నేర్పుతున్నాను. మీ ప్రశ్న బాగుందండీ. కానీ "బంతి ఎవరి చేతిలో" అన్న దగ్గరే పొరపాటు ఉందని నాకనిపిస్తోంది.

హాలిబర్టన్ చేసే పనేమిటో చూడండి. అతను బంతిని పట్టుకుని ఉండడు. పట్టుకున్న మరుక్షణం వదిలేస్తాడు. రీబౌండ్ పడగానే ముందుకు విసురుతాడు. అవతలివాళ్లు వెనక్కి చేరేలోపే ఎవరో ఒకరు కార్నర్‌లో ఖాళీగా ఉంటారు. పేసర్స్ ఆట మొత్తం దాని మీదే కట్టారు. మెకానల్ ఆట దానికి పూర్తిగా వేరు. అతను డ్రిబుల్ ఆపకుండా బోర్డు కింద నుంచి అటు దూరి ఇటు వస్తాడు, మనిషి కదిలేదాకా తిరుగుతూనే ఉంటాడు. ఆరు నిమిషాలు అలా ఆడితే అవతలివాళ్లకు దిక్కు తోచదు. గేమ్ 5 మూడో క్వార్టర్‌లో ఒక్కడే 13 పాయింట్లు చేసింది అలాగే. అదే ఆట సగం మ్యాచ్ నడిస్తే మిగతా నలుగురూ నిలబడి చూడడం మొదలుపెడతారు. అంతవరకూ పరుగెత్తినవాళ్లు ప్రేక్షకులైపోతారు. మెకానల్ తప్పు చేశాడని కాదు. అతనికి పాయింట్లు రావడానికీ, టీమ్‌కి రాకపోవడానికీ కారణం ఒకటే అంటున్నాను.

నెంబ్‌హార్డ్ మాట. ఆ సిరీస్‌లో థండర్ ప్రధాన ఆటగాడు షాయ్ గిల్జస్ అలెగ్జాండర్‌ని కాసే పని ఎక్కువగా అతనిదే, సహచరుడు నెస్మిత్‌తో పాటు. ఆ పని ఎంత కష్టమో కోర్టులో దిగినవాళ్లకే తెలుసు. దారికి అడ్డంగా నిలబడే ప్రతి స్క్రీన్‌నీ ఢీకొట్టి దాటాలి, ఫౌల్ కాకుండా చేతులు పైకి పెట్టుకోవాలి, షాయ్ ఆగినప్పుడు ఆగాలి. ఆ పని చేసినవాడికే ఇటువైపు వచ్చి డోర్ట్ ఎదుట బంతి పైకి తెచ్చే పని కూడా ఇస్తే రెండూ పాడవుతాయి. నా పిల్లల్లో బాగా డిఫెన్స్ చేసే అమ్మాయికి నేను బంతి తెచ్చే పని ఎప్పుడూ ఇవ్వను.

అసలు రోల్ మార్చుకున్నది షాయ్. గేమ్ 4లో 35 పాయింట్లు చేశాడు, అసిస్టులు సున్నా. గేమ్ 7లో 27 షాట్లు వేస్తే పడినవి 8 మాత్రమే. అంటే పేసర్స్ డిఫెన్స్ అతని షాట్‌ని బాగానే ఆపింది. అతను మొండిగా వెళ్లకుండా 12 అసిస్టులు ఇచ్చాడు. 56-56 తర్వాత అతను, థండర్ సహచరులు హోమ్‌గ్రెన్, జేలెన్ విలియమ్స్ వరుసగా త్రీలు వేశారు. ఒక్కడిని మూసేస్తే ఇంకో ఇద్దరు తెరుచుకున్నారు. పేసర్స్‌కి హాలిబర్టన్ లేకుండా అలా తెరిచేవాడు కావాలి. నా ఉద్దేశంలో అది పేసర్స్ ఫార్వర్డ్ సియాకమ్.

మెకానల్ బంతిని హాఫ్ కోర్ట్ దాటించి, ఫ్రీ త్రో లైన్ మూల దగ్గర సియాకమ్‌కి ఇచ్చి తప్పుకోవాలి. ఆరడుగుల ఎనిమిది అంగుళాల మనిషి, వీపు తిప్పి నిలబడితే మిగతా నలుగురూ కళ్ల ముందే ఉంటారు. డోర్ట్ అక్కడ బంతి లాక్కోలేడు. తూర్పు కాన్ఫరెన్స్ ఫైనల్స్‌లో ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అతనే. మెకానల్ ఆ పాస్ ఇచ్చాక కార్నర్‌కి పరుగెత్తినా కాళ్లకు కొంత విశ్రాంతి దొరికేది. మీరు మీ సెమీఫైనల్ గురించి చెప్పారు చూడండి, ఆ రోజు మీ కోచ్ కూడా మీకు అలా ఒక మనిషిని చూపించి ఉండాల్సింది.

---

బెంచి గార్డ్ జవాబు:

మేడమ్, మీ చివరి వాక్యం చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఇన్నేళ్లూ ఆ మ్యాచ్ నా కాళ్ల వల్లే పోయిందనుకుంటున్నాను. మాకూ హై పోస్ట్‌లో, అంటే ఫ్రీ త్రో లైన్ దగ్గర ఆడగల పొడుగు కుర్రాడు ఒకడుండేవాడు. వాడికి బంతి ఇచ్చి తప్పుకోవచ్చని ఆ రోజు నాకూ తోచలేదు, ఎవరూ చెప్పనూలేదు.

సియాకమ్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ ఒక చిక్కు ఉంది. సియాకమ్ మూల దగ్గర నిలబడాలంటే పెయింట్ (రింగ్ ముందున్న చోటు) ఖాళీగా ఉండాలి. దానికి మా సెంటర్ టర్నర్ త్రీ లైన్ బయట నిలబడి, హోమ్‌గ్రెన్‌ని తన వెంట బయటికి లాగాలి. ఈ సిరీస్‌లో టర్నర్ త్రీలు పడలేదు. పడకపోతే హోమ్‌గ్రెన్ అతన్ని వదిలేసి రింగ్ కిందే కాపలా ఉంటాడు. గేమ్ 7లో 5 బ్లాకులు కొట్టినవాడు అక్కడ ఉంటే, సియాకమ్ తిరిగి లోపలికి వెళ్లేదెలా?

---

విజిల్ రాశారు:

మంచి ప్రశ్న. నేనైతే ఆ పది నిమిషాలు టర్నర్‌ని కూర్చోబెట్టి బెంచి నుంచి టాపిన్‌ని ఆడించేదాన్ని. గేమ్ 6లో అతను 20 పాయింట్లు చేశాడు, త్రీలు పడుతున్నాయి. అతన్ని వదిలేసి హోమ్‌గ్రెన్ కింద నిలబడలేడు.

---

పెయింట్‌లో నేను రాశారు:

అప్పుడు మేము హార్టెన్‌స్టైన్‌ని కూడా దింపుతాం మేడమ్. ఇద్దరు పొడుగువాళ్లు లోపల ఉంటే మీకు రీబౌండ్లు ఎవరు తీస్తారు? టాపిన్ వల్ల కాదు.

---

కార్నర్ త్రీ రాశారు:

13 రీబౌండ్లు తీసినవాడు ఉన్నాడుగా!

---

బెంచి గార్డ్ జవాబు:

అవును తమ్ముడూ, ఇప్పుడు నీ మాథురిన్‌కి సరైన చోటు దొరికింది. అతని చేతికి బంతి ఆఖరున రావాలన్నాను కదా, రీబౌండ్ నుంచి వస్తే ఇంకా మంచిది. తీసిన వెంటనే ముందుకు పరుగెత్తుతాడు, అప్పుడు హార్టెన్‌స్టైన్ వెనక్కి చేరుకోలేడు.

మెకానల్, నెంబ్‌హార్డ్, మాథురిన్, సియాకమ్, టాపిన్. ఈ రాత్రి మ్యాచ్ మళ్లీ పెట్టుకుని 56-56 దగ్గర నుంచి చూస్తాను. ఆ తొమ్మిది పాయింట్లు వరుసగా పడుతున్నప్పుడు పేసర్స్ వైపు ఐదుగురు ఎవరున్నారో, సియాకమ్ ఎక్కడ నిలబడ్డాడో కాగితం మీద గీసుకుని రేపు ఇక్కడే పెడతాను. మేడమ్, మీరు ఒకసారి చూసి చెప్పండి.